సిడ్నీకి వెళ్తే మార్డీ గ్రాకే వెళ్లాలా?

మొదటి పోస్టు
నేనూ నా పార్ట్‌నరూ వచ్చే ఏడాది సిడ్నీ వెళ్తున్నాం. ఇద్దరం మగవాళ్లమే. ఫిబ్రవరి చివరో మార్చి మొదట్లోనో గే, లెస్బియన్ వాళ్లు జరుపుకునే మార్డీ గ్రా పరేడ్ టైమ్‌కే వెళ్లమని ఫ్రెండ్స్ పట్టుబడుతున్నారు. నాకు మాత్రం మామూలు రోజుల్లో వెళ్లాలనుంది. పండగ రాత్రి అంత జనంలో చేయి పట్టుకోవడం ఎవరికైనా తేలికే. సర్క్యులర్ కీలో సాయంత్రం మాన్లీ ఫెర్రీ ఎక్కి, ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్ల మధ్య ఆ అరగంటా చేయి వదలకుండా కూర్చోగలిగితే, నాకు కావలసింది అదే. మీరేమంటారు?

జవాబు
ఒప్పుకోనండి. మీరు పరేడ్‌ని పండగలాగే చూస్తున్నారు. అది హక్కుల కోసం నడిచిన ఊరేగింపుగా మొదలైంది, 1978 జూన్ 24 రాత్రి, అక్కడి చలికాలంలో. పోలీసులు 53 మందిని అరెస్టు చేశారు. వాళ్ల పేర్లు, అడ్రసులు పేపర్లో అచ్చయ్యాయి. దాంతో ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు, ఇంట్లో తెలిసిపోయి నలిగిపోయినవాళ్లున్నారు. అప్పటికి న్యూ సౌత్ వేల్స్‌లో మగవాళ్ల మధ్య సంబంధం నేరం. 1984 దాకా నేరమే. ఆ రాత్రి నడిచినవాళ్లని సెవెంటీ ఎయిటర్స్ అంటారు. వాళ్లు ఇప్పటికీ పరేడ్‌లో నడుస్తారు, నడవలేనివాళ్లు బండి మీద వస్తారు. వాళ్లు కనబడగానే, పరేడ్ సాగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అంచున నిలబడి ఏడ్చేశాను. ఫెర్రీ ఎప్పుడైనా ఎక్కొచ్చు. వీళ్లని ఇంకెన్నేళ్లు చూడగలం?

ఇంకొక జవాబు
ఎప్పుడు వెళ్లాలన్నది తర్వాత, ఎక్కడ దిగుతున్నారో ముందు చూసుకోండి. సిడ్నీ అంతా ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ కాదు. స్వలింగ వివాహం మీద 2017లో పోస్టల్ సర్వే పెడితే దేశం మొత్తంలో 61.6 శాతం మంది అవునన్నారు, డిసెంబర్‌కల్లా చట్టమూ వచ్చింది. కానీ కాదన్న నియోజకవర్గాలు 17 ఉంటే, వాటిలో 12 పశ్చిమ సిడ్నీలోవే. అక్కడ ఏదో జరుగుతుందని భయపెట్టడం లేదు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ ఉన్న డార్లింగ్‌హర్స్ట్‌లో ఉన్నంత నిశ్చింత మాత్రం ఊరంతా ఉంటుందనుకోకండి.

ఇంకొక్క మాట. బాండై నుంచి తమరామా వైపు సముద్రం పక్కన అందరూ నడిచే దారిలో మార్క్స్ పార్క్ వస్తుంది. ఒకప్పుడు ఆ కొండ అంచున గే మగవాళ్ల మీద దాడులు జరిగాయి, ప్రాణాలూ పోయాయి. వాళ్ల గుర్తుగా అక్కడ 'రైజ్' అనే స్మారకం కట్టారు. ఫోటోలు తీసుకుంటూ దాన్ని దాటి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మీరు కాసేపు కూర్చోండి.

మొదటి పోస్టు పెట్టిన నేనే
పరేడ్ గురించి తేలిగ్గా మాట్లాడాను, అది నా తప్పే. సెవెంటీ ఎయిటర్స్ సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అయినా మామూలు రోజుల్లోనే వెళ్తాం. నా పార్ట్‌నర్‌కి గుంపంటే చాలా టెన్షన్. వాడు భయపడుతూ నిలబడితే నేనేం చూడగలను? అందుకని ఇలా అనుకున్నాం: ఒక రాత్రి ఇద్దరమే టేలర్ స్క్వేర్ దగ్గర బయల్దేరి, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీదుగా హైడ్ పార్క్, అక్కడినుంచి విలియమ్ స్ట్రీట్ పట్టుకుని కింగ్స్ క్రాస్ దాకా నడుస్తాం. 1978లో వాళ్లు నడిచిన దారి అదే.

టేలర్ స్క్వేర్ దగ్గర రోడ్డు దాటే క్రాసింగ్ మీద వేసిన, గే జెండాలోని ఇంద్రధనుస్సు రంగుల్ని 2013లో ప్రభుత్వం తీయించేస్తే, జనం సుద్దముక్కలతో ఎక్కడికక్కడ వీధుల్లో ఇంద్రధనుస్సులు గీశారట. తర్వాత 2019లో ఆ దగ్గర్లోనే శాశ్వతంగా ఒకటి వేశారు. ఆ క్రాసింగ్ కూడా దాటి వస్తాం.

దిగేది డార్లింగ్‌హర్స్ట్‌లోనే. మార్క్స్ పార్క్‌కి మాత్రం బాండై వైపు నుంచి నడిస్తే మంచిదా, తమరామా వైపు నుంచా? వెళ్లినవాళ్లు చెప్పండి. వాడికి మోకాళ్ల నొప్పి, మెట్లు తక్కువుండాలి.