ఎరుపు, నీలం కలిపితే ఊదా బదులు మడ్డి రంగు ఎందుకొస్తోంది?

బరంపురం_ఫస్టియర్:
అందరికీ నమస్కారం. డిజైన్ మొదటి ఏడాది. పోస్టర్ కలర్లతో 12 గళ్ళ రంగుల చక్రం వెయ్యాలి. స్కార్లెట్, ప్రష్యన్ బ్లూ కలిపితే ఊదా రావాల్సిన గడిలో మడ్డి రంగు వస్తోంది. రంగులు నాసివా, కలపడం తప్పా? ఇంకోటి, ఎరుపు, ఆకుపచ్చ మంచి జోడీ అంటారు గానీ, పక్కపక్కన పెడితే అంచు దగ్గర కళ్ళు చెదురుతున్నాయి.

కుంచె_ఖల్లికోట:
తమ్ముడూ, రంగులు బాగానే ఉన్నాయి, జోడీ కుదరలేదు. స్కార్లెట్ నారింజ వైపు మొగ్గిన ఎరుపు, నీలి కాంతిని మింగేస్తుంది. ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చ వైపు మొగ్గిన నీలం, ఎర్ర కాంతిని మింగేస్తుంది. ఊదాకి కావలసినవి ఆ రెండు కాంతులే. అవి పోయాక మిగిలేది మడ్డే. నీలం వైపు మొగ్గిన ఎరుపు క్రిమ్సన్, ఎరుపు వైపు మొగ్గిన నీలం అల్ట్రామరీన్. క్రిమ్సన్‌లో అల్ట్రామరీన్ కలిపి చూడు. ఇంకా తేటగా కావాలంటే క్రిమ్సన్ బదులు క్వినాక్రిడోన్ మెజెంటా (గులాబీ ఛాయ ఎరుపు) తీసుకో. ఆర్టిస్ట్ రకం ట్యూబు మీద దాని కోడ్ పీఆర్ 122 అని ఉంటుంది. అల్ట్రామరీన్‌ది పీబీ 29. ట్యూబు మీద పేరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, కోడ్ చూసి కొనడమే మేలు.

చక్రం మొత్తానికి ఆరు సీసాలు చాలు. ఆకుపచ్చకి లెమన్ ఎల్లో, ప్రష్యన్ బ్లూ. నారింజకి క్రోమ్ ఎల్లో, స్కార్లెట్. ఊదాకి పైన చెప్పినవి. ఎప్పుడూ లేత రంగులోకే ముదురు రంగు వెయ్యాలి. పది వంతుల పసుపుకి ఒక వంతు నీలంతో మొదలుపెట్టు. తిరగేసి చేస్తే ప్రష్యన్‌ని లొంగదీయడానికి సీసాడు పసుపు ఖర్చవుతుంది.

రాయగడ_రంగులు:
అసలు ఎరుపు-పసుపు-నీలం చక్రమే పక్కన పెట్టాలండి. ప్రింటింగ్ ప్రెస్సులో నలుపు కాక వాడేది సయాన్ (ఆకుపచ్చ ఛాయ లేత నీలం), మెజెంటా, పసుపు. వాటితోనే తేటైన రంగులు ఎక్కువ వస్తాయి.

కుంచె_ఖల్లికోట:
నిజమే గానీ, మాస్టారు అడిగిన చక్రం వెయ్యకపోతే మార్కులు పోతాయి. ఆరు సీసాల పద్ధతిలో ఆ చక్రమూ వస్తుంది, మడ్డీ తగ్గుతుంది.

పడుగుపేక:
కళ్ళు చెదరడం గురించి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ నిండు గాఢతలో ఉండి, లేత-ముదురుల్లో సమానంగా ఉంటే అంచు నిలవదు. ఒకదాన్ని బాగా లేతగానో ముదురుగానో చెయ్యి, లేదా మధ్యలో సన్నటి నల్లగీత పెట్టు. పట్టచిత్రంలో ప్రతి బొమ్మ చుట్టూ ఉండే నల్లగీత ఈ పని కూడా చేస్తుంది. (అందులో ఎరుపుకి వాడే ఇంగిలీకంలో పాదరసం, పసుపుకి వాడే హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు ఇంట్లో నూరొద్దు.)

మగ్గం మీద లెక్క వేరు. పడుగు (నిలువు దారాలు) నీలం, పేక (అడ్డ దారాలు) ఆకుపచ్చ వేస్తే నెమలికంఠం రంగు వస్తుంది. అక్కడ రంగులు ఒకదానిలో ఒకటి కరగవు, దూరం నుంచి చూసే కంట్లో కలుస్తాయి. అందుకే పెయింటులా నల్లబడదు, వెలుగు రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. అదే ఎరుపు పడుగు, ఆకుపచ్చ పేక అయితే దూరానికి చప్పగా గోధుమ రంగులో కనిపిస్తుంది. బరంపురం పట్టుచీరకి అంచు రంగు ఎంచేటప్పుడు చీర ఒంటి రంగు పక్కన పెట్టే చూడాలి. పారిస్ గోబెలాఁ అద్దకశాలలో నల్ల దారం వెలిసినట్టుందని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో లేదు, పక్క రంగులో ఉందని తేల్చింది ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్. 1839లో ఆయన పుస్తకం వచ్చింది. నువ్వూ చూడొచ్చు: ఒకే బూడిదరంగు కాగితం నుంచి 2 సెం.మీ. ముక్కలు రెండు కోసి, ఒకటి ఎరుపు మీద, ఒకటి ఆకుపచ్చ మీద పెట్టు. ఎరుపు మీదది కాస్త ఆకుపచ్చగా, ఆకుపచ్చ మీదది కాస్త ఎర్రగా కనిపిస్తుంది.

పర్లాకిమిడి_టీచర్:
బాబూ, చక్రం కన్నా ముందు వెలుగు మెట్లు (నలుపు నుంచి తెలుపు దాకా వరస) వెయ్యి. రంగు పేరు తప్పినా బొమ్మ నిలుస్తుంది, వెలుగు తప్పితే నిలవదు. మన గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో సవర గిరిజనుల గోడబొమ్మలు చూడు: ఎర్రమట్టి గోడ, బియ్యప్పిండి తెలుపు. రెండే మెట్లు, అయినా చెట్టూ మనిషీ గుర్రమూ అన్నీ తెలుస్తాయి.

తొమ్మిది గళ్ళు గీసి 1లో నలుపు, 9లో తెలుపు వెయ్యి. తరవాత 5, ఆపైన 3, 7, చివర మిగతావి. నలుపు, తెలుపు సమానంగా కలిపితే 5 రాదు, బాగా ముదురొస్తుంది. నడిమి బూడిదరంగు పడిన కాంతిలో ఐదో వంతుకి అటూ ఇటూ తిప్పి పంపాలి, సగం నలుపు పడితే అంత రాదు మరి. తెలుపులోకి నలుపు కుంచె మొనతో చుక్కచుక్కగా వెయ్యి. పోస్టర్ కలరు ఆరాక ముదురు రంగులు కాస్త లేతబడతాయి, కాబట్టి తడిమీద పోల్చకు.

ఇప్పుడు నీ రంగుల్ని ఆ పట్టీ పక్కన పెట్టు. లెమన్ ఎల్లో 8 దగ్గర, అల్ట్రామరీన్ 2 దరిదాపుల్లో పడతాయి. నీడకోసం పసుపులో నలుపు వేస్తే పాచి ఆకుపచ్చ అయిపోతుంది. బర్న్‌ట్ అంబర్ కొద్దిగా వెయ్యి.

బరంపురం_ఫస్టియర్:
థాంక్సండి టీచర్. మెట్లు ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి సరిచూసుకోవచ్చా?

పర్లాకిమిడి_టీచర్:
ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. ఎరుపుని ఒక్కో ఫిల్టర్ ఒక్కోలా చూపిస్తుంది. కళ్ళు సగం మూసి చూడటమే ఎక్కువ నమ్మకం.

పడుగుపేక:
ఏ వెలుతురులో చూస్తున్నావో అదీ ముఖ్యమే. పసుప్పచ్చ బల్బు కింద సరిపోయిన రెండు దారాలు ఎండలోకి తెస్తే వేరైపోవచ్చు. పగటిపూట కిటికీ దగ్గర, లేదంటే 6500 కెల్విన్ ట్యూబులైటు కింద పోల్చు.

రాయగడ_రంగులు:
కంప్యూటర్‌లో చేసేటప్పుడు ఇంకో చిక్కు. తెరమీద మెరిసే నీలం ప్రింటులో ఊదా అయిపోతుంది. సయాన్ 100 శాతం ఉంటే మెజెంటా 70 శాతం దాటనివ్వకు. ఫ్లోరసెంట్ ఆకుపచ్చ మామూలు నాలుగు సిరాల్లో రాదు. ముందే ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీయించి, ఆ కాగితం చూసే రంగు ఖాయం చేసుకో.