ఏకాభిప్రాయం సార్క్‌ను ఆపేస్తే, ఆసియాన్‌ను ఎందుకు ఆపలేదు?

అందరికీ నమస్కారం. దక్షిణాసియా వాణిజ్యం గురించి చదువుతుంటే ఒకచోట చిక్కుకుపోయాను, తెలిసినవారు కాస్త వివరించగలరా?

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985లో ఢాకాలో మొదలైంది. నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, రెండు దేశాల మధ్య గొడవలు చర్చకు రాకూడదు అని చార్టర్‌లోనే ఉంది. ఈ దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్యం కోసం చేసుకున్న సాఫ్టా ఒప్పందం 2006లో అమల్లోకి వచ్చింది. అయినా ఈ దేశాల మొత్తం వాణిజ్యంలో తమలో తాము చేసుకునేది 5 శాతం దగ్గరే ఉందంటారు. 2014 ఖాట్మండు శిఖరాగ్ర సమావేశంలో, ఒక దేశపు వాహనాలను మరో దేశంలోకి వెళ్లనిచ్చే మోటారు వాహనాల ఒప్పందానికి పాకిస్తాన్ ఒప్పుకోలేదు. ఆ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. పక్కపక్క దేశాలు ఇన్నేళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోకపోవడం నిజంగా బాధగా ఉంది.

కానీ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌ది కూడా ఏకాభిప్రాయ పద్ధతే కదా! అక్కడా సరిహద్దు తగాదాలున్నాయి. మరి తేడా ఎక్కడొచ్చింది? భారత్ మిగతావాటికంటే మరీ పెద్ద దేశం కావడమా, లేక భారత్-పాక్ వైరమేనా? నాకైతే మొదటిదే అసలు కారణం అనిపిస్తోంది.

ఇంకొకటి, పాకిస్తాన్ లేని బిమ్‌స్టెక్‌లో (బంగాళాఖాత ప్రాంత దేశాల కూటమి) కూడా 2004 నాటి స్వేచ్ఛా వాణిజ్య ఒడంబడిక ఇంకా పూర్తి కాలేదు. అక్కడ అడ్డేమిటి? సుంకాలా, రవాణా సౌకర్యాలా?