అడగకుండా వచ్చిన ఏఐ: మన కంప్యూటర్‌లో ఏది ఆన్‌లో ఉండాలో నిర్ణయించేది ఎవరు?

పొగతోట డీటీపీ, నెల్లూరు

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది: డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టంలో కృత్రిమ మేధ సదుపాయాలను, వాడేవారు కోరకముందే, అప్‌డేట్‌తో పాటు ఆన్ చేసి పంపడం సమంజసమేనా? ఏఐ మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే చోట్ల కావలసినంత నడుస్తోంది కనుక దయచేసి దాన్ని ఇక్కడికి తేవద్దు.

నాది పెళ్లి పత్రికలు, కరపత్రాలు టైపు చేసి ఇచ్చే చిన్న దుకాణం. ఈ పనిలో ఉన్న చాలామందిలాగే మేమూ పేజీలు అమర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లతోనే నెట్టుకొస్తున్నాం. ఈ వృత్తి తెలియనివారి కోసం ఒక మాట. అను ఫాంటులో 'చి.ల.సౌ.' అని తెర మీద చక్కగా కనిపిస్తుంది గానీ లోపల ఉండేది తెలుగు యూనికోడ్ (ఇప్పటి యంత్రాలన్నీ తెలుగుగా గుర్తుపట్టే అక్షర సంకేతాలు) కాదు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన పాత పద్ధతి అది. ఫాంటు తీసేస్తే మిగిలేది తలాతోకా లేని గుర్తుల వరుస.

ఈమధ్య ఒక అప్‌డేట్ వచ్చిన తరువాత, నోట్‌ప్యాడ్‌లో అక్షరాలను సెలెక్ట్ చేసి కుడి క్లిక్ చేస్తే కాపీ, పేస్ట్‌ల సరసన 'తిరగరాయి', 'కుదించు' అనే ఆదేశాలు కూడా చేరాయి. ముహూర్తం వరుసను నోట్‌ప్యాడ్ మీదుగా ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు మారుస్తుండగా మా ఆపరేటరు చేయి జారి వాటిలో మొదటిదాన్ని నొక్కాడు. ఆ సదుపాయం గుర్తుల వరుసను ఇంగ్లిషు అనుకుని, ఏదో సమావేశానికి రమ్మని పిలిచే రెండు మర్యాదపూర్వకమైన ఇంగ్లిషు వాక్యాలను అక్కడ పెట్టింది. పెళ్లికూతురి మేనమామ కౌంటరు అవతల నిలబడి ప్రూఫు కోసం చూస్తున్నారు. అన్‌డూ ఉంది కాబట్టి నష్టమేమీ జరగలేదు. నా అభ్యంతరం ఆ పొరపాటు గురించి కాదు. ఆ ఆదేశాన్ని తీసివేద్దామంటే కొంత సెట్టింగ్స్‌లో, కొంత టాస్క్‌బార్‌లో, కొంత ఆయా ప్రోగ్రాముల్లో వెతకవలసి వచ్చింది. తీరా ఆపివేసిన వాటిలో కొన్ని తరువాతి అప్‌డేట్‌తో మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. డబ్బు పెట్టి కొన్న యంత్రంలో నేను వద్దన్న మాటకు విలువ ఎంతకాలం?

ఒంగోలు అధ్యాపకుడు

పొగతోట గారి ఇబ్బంది నిజమైనదే. అయితే దాని నుంచి 'అడగకుండా ఏదీ ఆన్ చేయకూడదు' అనే సూత్రాన్ని రాబట్టడానికి నేను ఒప్పుకోలేను. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడే అందులో ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ నుంచి వచ్చే చొరబాట్లను అడ్డుకునే గోడ, ఉంది. అది ఉన్నదన్న సంగతే ఎక్కువమందికి తెలియదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వర్మ్ (దానంతట అది పాకే వైరస్ లాంటిది) ప్రపంచమంతా పాకి కంప్యూటర్లను పదేపదే రీస్టార్ట్ చేయించిన తరువాత, 2004లో సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ ఆ ఫైర్‌వాల్‌ను డిఫాల్ట్‌గా, అంటే వాడుకరి ఏమీ ఎంచుకోకుండానే, ఆన్ చేసి పంపింది. ఎవరినీ విడిగా అడగలేదు, అడగకపోవడమే మేలైంది.

మా కళాశాలకు కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్లలు వస్తారు. ఇంగ్లిషు వీడియో పాఠం చెవికి అందకపోయినా, కింద అక్షరాలు పడుతుంటే వారు పట్టుకోగలుగుతారు. విండోస్ 11లో ఏ వీడియోకైనా ఇంగ్లిషు మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపించే లైవ్ క్యాప్షన్స్ సదుపాయం ఉంది; కావలసినవారు వెళ్లి ఆన్ చేసుకోవాలి కాబట్టి, మేము చూపించేదాకా అది ఉన్నదన్న సంగతి ఒక్క విద్యార్థికీ తెలిసినట్టు కనిపించలేదు. స్విచ్చులన్నీ ఆఫ్‌లో ఉంచి 'ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాం' అనడం వల్ల, సెట్టింగ్స్ తెరిచి చూసే అలవాటు ఉన్న కొద్దిమందికే లాభం. ఆ అలవాటు లేనివారికి ఆఫ్‌లో ఉన్నదీ లేనిదీ ఒక్కటే.

చీమకుర్తి సిస్టమ్స్

అధ్యాపకుల వారూ, ఫైర్‌వాల్ ఉదాహరణ బలమైనదే గానీ ఇక్కడ అతకదు. ఫైర్‌వాల్ మనం టైపు చేసేదాన్ని చదవదు, చదివినదాన్ని దాచదు, మనకు బదులుగా రాయదు. దాన్ని అడగకుండా ఆన్ చేయడానికి, మన తెరను గమనించేదాన్ని అడగకుండా ఆన్ చేయడానికి మధ్య ఉన్న తేడాను రీకాల్ వ్యవహారం అందరికీ అర్థమయ్యేలా చూపించింది.

2024 మే 20న, తన ఏఐ సహాయకుడు కోపైలట్ పేరు మీద కోపైలట్ ప్లస్ అనే కొత్త రకం కంప్యూటర్లను ప్రకటిస్తూ మైక్రోసాఫ్ట్ రీకాల్‌ను పరిచయం చేసింది. కొద్ది సెకన్లకొకసారి తెరను బొమ్మగా తీసుకుని, అందులోని అక్షరాలను గుర్తించి, తరువాత వెతుక్కోవడానికి వీలుగా కంప్యూటర్‌లోనే దాచిపెట్టడం దాని పని. అంతా మీ యంత్రంలోనే ఉంటుంది, బయటకు పోదు అని కంపెనీ చెప్పింది, ఆ మాట వరకు నిజమే. కానీ భద్రతా పరిశోధకులు దాని తొలి రూపాన్ని విప్పి చూస్తే, తెర మీద కనిపించిన అక్షరాలన్నీ ఒక మామూలు డేటాబేస్ ఫైలులో చదవడానికి వీలుగా పడి ఉన్నాయి. ఆ వాడుకరి ఖాతాలోకి చొరబడిన దొంగ ప్రోగ్రాము ఏదైనా వాటిని ఎత్తుకుపోగలదు. గగ్గోలు పుట్టింది. జూన్ 7న, వాడుకరి తానుగా ఒప్పుకుంటేనే రీకాల్ ఆన్ అవుతుందని, తెరవాలంటే విండోస్ హలోతో (ముఖం, వేలిముద్ర లేదా పిన్‌తో) గుర్తింపు చూపాలని మార్చారు. ఆ నెల 18న జరగవలసిన విడుదలను వాయిదా వేశారు. చివరకు అది సాధారణ వాడుకరులకు చేరింది 2025 ఏప్రిల్‌లో. ఆ తరువాత కూడా సందేశాలు పంపుకునే సిగ్నల్ వంటి యాప్, తన సంభాషణలు రీకాల్ బొమ్మల్లో పడకుండా 2025 మేలో ప్రత్యేకంగా అడ్డుకట్ట వేసుకోవలసి వచ్చింది. 'ఒప్పుకుంటేనే' అన్న నియమం దానంతట అది రాలేదు. జనం అరిస్తే వచ్చింది.

మా గ్రానైట్ వ్యాపారంలో గెలాక్సీ రకం రాతి బ్లాకుకు ఒక్కో కొనుగోలుదారుడికి ఒక్కో ధర చెబుతారు. ఆ ధరల షీటు రోజంతా తెర మీదే ఉంటుంది. దాన్ని ఎక్కడో బొమ్మలుగా పేర్చి ఉంచే యంత్రాన్ని యజమాని టేబుల్ మీద పెట్టే ధైర్యం నాకు లేదు.

ఒక స్పష్టత కూడా ఇవ్వాలి. పాత కంప్యూటర్లు వాడేవారు రీకాల్ గురించి బెంగపడనక్కరలేదు. సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసమే పెట్టిన చిప్పు), 16 జీబీ ర్యామ్ ఉన్న కొత్త యంత్రాల్లోనే అది పనిచేస్తుంది. వాట్సాప్‌లో తిరిగే 'మీ కంప్యూటర్ మిమ్మల్ని ఫోటోలు తీస్తోంది' అన్న సందేశాలు అందరికీ వర్తించవు. అన్నట్టు, 2025 మార్చిలో విండోస్ అప్‌డేట్ ఒకటి పొరపాటున కొన్ని కంప్యూటర్ల నుంచి కోపైలట్ యాప్‌నే తొలగించింది. కంపెనీ దాన్ని లోపంగా ప్రకటించి సరిదిద్దింది గానీ, ఆ లోపాన్ని అలాగే ఉంచమని కోరినవారే ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించారు.

కావలి నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని

నాకు చూపు చాలా తక్కువ. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో పని చేసుకుంటాను. ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు 'వికలాంగులకు ఏఐ ఎంతో మేలు' అని చెప్పడం, దాన్ని డిఫాల్ట్‌కు సమర్థనగా వాడుకోవడం మామూలైపోయింది కనుక నేనే చెబుతున్నాను.

మేలు ఉంది. ఎవరైనా రసీదును ఫోటో తీసి పంపితే అందులోని అంకెలను, బొమ్మలో ఏముందో వివరాన్ని వినగలుగుతున్నాను. ఇంతకుముందు పక్క సీటువారిని పిలవవలసి వచ్చేది. కానీ ఆ సదుపాయాన్ని నేను వెతికి పెట్టుకున్నాను, ఎవరూ నా మీద రుద్దలేదు. అడగకుండా వచ్చేవాటి సంగతి వేరు. మీరు తెరను చూస్తారు, అక్కరలేని బొత్తాన్ని కంటితో దాటేస్తారు. నేను ట్యాబ్ మీట నొక్కుకుంటూ ఒక్కొక్కదాన్నీ వింటూ దాటాలి. కొత్త బొత్తం ఒకటి చేరితే ఆ కిటికీ తెరిచిన ప్రతిసారీ నాకు అదనంగా ఒక మజిలీ. ఇక దానంతట అది తెరుచుకునే ప్యానెల్ అయితే ఫోకస్‌ను, అంటే నా టైపు వెళ్లి పడే చోటును, లాక్కుపోతుంది. నేను ఖాతా నంబరు టైపు చేస్తున్నాననుకుంటూ ఆ సహాయకుడి పెట్టెలో టైపు చేస్తూ ఉంటాను. కొన్ని కొత్త కీబోర్డుల్లో కుడి కంట్రోల్ మీట ఉండవలసిన చోట ఏఐ మీట పెట్టడం కూడా వేళ్ల గుర్తుతో పనిచేసేవారికి చిన్న విషయం కాదు.

అధ్యాపకుల వారు చెప్పినట్టు తెలియజేయడం అవసరమే. తెలియజేయండి, ఒకసారి అడగండి, జవాబును గుర్తుపెట్టుకోండి. మా పేరు చెప్పి అందరికీ ఆన్ చేయవద్దు.

ఒంగోలు అధ్యాపకుడు

అమ్మా, మీరు చెప్పిన ఫోకస్ సంగతి ఈ చర్చలో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచింది. అలాగైతే నా వాదనను ఇలా చెబుతాను: యంత్రం మొదటిసారి తెరిచినప్పుడు ఒక్క పేజీలో, అవును, వద్దు అనే రెండు బొత్తాలూ ఒకే పరిమాణంలో ఉంచి అడగాలి. అడగకుండా ఆఫ్‌లో వదిలేయడం మాత్రం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

కందుకూరు దస్తావేజులు

అడగాలంటున్నారు సరే, ఎవరిని అడుగుతారు? నేను దస్తావేజు లేఖరిని. నా తెర మీద ఉండేది నా సమాచారం కాదు; అమ్మేవారి ఆధార్, కొనేవారి పాన్, సర్వే నంబర్లు, సాక్షుల చిరునామాలు. నేను 'అవును' నొక్కితే వారందరి తరఫునా ఒప్పుకున్నట్టేనా? మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలంటోంది. 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి, అయితే ముఖ్యమైన నిబంధనలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ముందే టిక్ పెట్టి ఉన్న పెట్టెను చూసి ఊరుకోవడం సమ్మతి ఎలా అవుతుందో నాకు బోధపడదు. కక్షిదారుకైతే ఆ పెట్టె కనబడనే కనబడదు.

నెల్లూరు లైనక్స్ కుర్రాడు

పెద్దలందరూ ఇంత బాధపడేకంటే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటే సరిపోతుంది కదా. పాత 4 జీబీ యంత్రంలోనూ నడుస్తుంది.

పొగతోట డీటీపీ, నెల్లూరు

తమ్ముడూ, వేసుకోవచ్చు, ఉత్తరాలకూ బిల్లులకూ ఒక యంత్రంలో వేసి చూస్తాను కూడా. కానీ పేజ్‌మేకర్, అను కీబోర్డు అక్కడ నమ్మకంగా నడవవు. పాత ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. నిరుడు వేసిన పత్రికలో పేర్లు మార్చి ఇవ్వమని అడిగేవారే సగం మంది. పైగా 'నచ్చకపోతే వెళ్లిపో' అనడం నేను వేసిన ప్రశ్నకు జవాబు కాదు.

విండోస్ 10లోనే ఉండిపోదామనుకునేవారికి ఆ దారీ మూసుకుపోతోంది. దాని మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు వరకే ప్రకటించారు. విండోస్ 11కు వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఆమోదించిన ప్రాసెసర్ల జాబితా అడ్డం వస్తాయి. అంటే భద్రత కావాలంటే కొత్త యంత్రం కొనాలి, ఆ కొత్త యంత్రంతో పాటు ఇవన్నీ తీసుకోవాలి. భద్రతా అప్‌డేట్‌నూ కొత్త హంగునూ ఒకే మూటలో కట్టి పంపడమే ఈ గొడవకు మూలమని నా అభిప్రాయం. రెండిటినీ విడదీస్తే సగం మంది నోరెత్తరు.

చీమకుర్తి సిస్టమ్స్

ఆ మూట కట్టడానికి కారణం డబ్బే. 2024 చివర ఆస్ట్రేలియా వంటి కొన్ని చోట్ల, 2025లో మిగతా చోట్ల, వర్డ్, ఎక్సెల్ వంటివి ఉండే మైక్రోసాఫ్ట్ 365 చందాలో కోపైలట్‌ను కలిపి ధర పెంచారు. కోపైలట్ లేని పాత ధర పథకం ఒకటి ఉన్నదన్న సంగతిని చందాదారులకు సరిగా చెప్పలేదంటూ ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. కంపెనీ ఆ తరువాత అక్కడి చందాదారులకు క్షమాపణ చెప్పి, డబ్బు వాపసు ఇస్తామంది. అదే ఏడాది నవంబరులో విండోస్ విభాగాధిపతి పవన్ దావులూరి, విండోస్ ఇక మన తరఫున పనులు చక్కబెట్టే ఏజెంట్ల వ్యవస్థగా మారుతోందని ఎక్స్‌లో రాస్తే, మాకు అది వద్దు, ఉన్నదాన్ని సరిగా నడపండి అని జవాబులు వెల్లువెత్తాయి. సత్య నాదెళ్ల, దావులూరి ఇద్దరూ తెలుగువారేనని మనవాళ్లు మురిసిపోతుంటారు; కనీసం మన ఫిర్యాదైనా తెలుగులో రాసి పంపవచ్చునేమో.

ఇది ఒక్క కంపెనీ తీరు కాదు. యాపిల్ కూడా 2025 జనవరిలో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టం 15.3 నుంచి తన ఏఐని కొత్త వాడుకరులకు, అప్‌డేట్ చేసుకునేవారికి డిఫాల్ట్‌గా ఆన్ చేసింది. కాకపోతే మొత్తాన్ని ఒక్క స్విచ్చుతో ఆపే వీలు ఉంచింది. పొగతోట గారు అడుగుతున్నది కనీసం ఆ ఒక్క స్విచ్చు.

అధ్యాపకుల వారు చెప్పిన అడిగే పేజీ గురించి ఒక సందేహం. ఆ పేజీలో 'వద్దు' బదులు 'తరువాత గుర్తుచేయి' అని ఉంటే మీరు దాన్ని అడిగినట్టు లెక్కేస్తారా?

ఒంగోలు అధ్యాపకుడు

లెక్కవేయను. 'వద్దు' అన్న బొత్తం లేకపోతే అది ప్రశ్నే కాదు. కానీ ఆ పేజీని సరిగా రూపొందించమని పట్టుబట్టడం, అసలు అడగనే వద్దనడం కంటే సాధ్యమైన కోరిక అని నేను ఇంకా అంటాను.

పొగతోట డీటీపీ, నెల్లూరు

అక్కడిదాకా వచ్చారు, సంతోషం. మన మధ్య మిగిలిన తేడా ఒక్కటే: ఎవరైనా ఆ పేజీని చదవకుండా మూసేస్తే ఆన్‌లో ఉంచాలా, ఆఫ్‌లో ఉంచాలా అన్నది. నేను ఆఫ్ అంటాను, మీరు ఆన్ అంటారు. దీని మీద మిగతావారు కూడా రాయండి.

చీమకుర్తి గారూ, మీ కార్యాలయంలో ఇవన్నీ ఎలా ఆపి ఉంచారో వీలైతే చెప్పండి.

చీమకుర్తి సిస్టమ్స్

మా దగ్గర ఉన్నవి ఒకే సర్వరుకు కలిపిన విండోస్ ప్రో యంత్రాలు కాబట్టి, ఏది నడవాలో ఏది నడవకూడదో నిర్ణయించే గ్రూప్ పాలసీలో ఒకచోట చెబితే అన్నిటికీ వర్తిస్తుంది. ఇళ్లకూ చిన్న దుకాణాలకూ ఎక్కువగా అమ్మే హోం ఎడిషన్‌లో ఆ ఎడిటరే ఉండదు. అందులో రిజిస్ట్రీని (విండోస్ తన సెట్టింగ్స్‌ను దాచుకునే పట్టికను) చేత్తో మార్చాలి, మార్చేముందు తప్పనిసరిగా బ్యాకప్ తీసుకోవాలి. తలనొప్పి వద్దనుకుంటే టైపు చేసే యంత్రానికి ఇంటర్నెట్ తీసేసి, ఫైళ్లను వైరస్ స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌తో మార్చుకోండి.