సియాటెల్, క్రాకోవ్, బెంగళూరు: పని ఇలా పంచుకుంటే లాభమేనా?

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటాను. మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లోకి అమెరికాలోని సియాటెల్, పోలండ్‌లోని క్రాకోవ్ వాళ్లు కూడా వస్తున్నారు. రాత్రి కాల్స్ తప్ప మనకు ఒరిగేదేంటండీ?

జవాబు: ఆరేళ్లుగా ఇలాగే చేస్తున్నానండీ. ఎండాకాలంలో సియాటెల్‌లో సాయంత్రం 6 అంటే మనకు మర్నాడు పొద్దున 6:30. పోయిన నెల ఒకే ఆర్డర్‌కి డబ్బు రెండుసార్లు కట్ అయ్యే బగ్‌ని వాళ్లు లాగ్‌లతో (సిస్టమ్ రాసుకునే రికార్డులతో) సహా రాసిపెట్టి వెళ్లారు. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని చూశాను: పేమెంట్ రీట్రై (మళ్లీ ప్రయత్నం) చేసినప్పుడల్లా కొత్త ఐడీ పుడుతోంది, దాంతో అది కొత్త పేమెంటే అనుకుని మళ్లీ డబ్బు కట్ అవుతోంది! వాళ్లు లేచేసరికి నా కోడ్ రివ్యూకి సిద్ధం. ఎవరి నిద్రా చెడలేదు. వివరంగా రాసిపెట్టడం మాత్రం అందరికీ అలవాటవ్వాలి, నాకైతే అదే పెద్ద లాభం.

ఇంకొకరు: నిజం అక్కా. 1985లోనే అమెరికా చిప్ కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరుకొచ్చి శాటిలైట్ లింకుతో పని నడిపింది.

ప్రశ్న అడిగినవారు: అయితే రేపటి నుంచే నోట్స్ రాస్తానండీ.