ఒత్తిడిలో ఉన్న ఈస్ట్ ఎంఆర్‌ఎన్‌ఏను నాశనం చేస్తుందా, దాచుకుంటుందా?

కిణ్వం:
గ్లూకోజు అందని ఈస్ట్ కణంలో ప్రోటీన్ల తయారీ కొద్ది నిమిషాల్లోనే దాదాపు ఆగిపోతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి వాడే జన్యువు నకలు) కొసనున్న క్యాప్‌ను, అంటే రక్షణ టోపీని, తొలగించే డీసీపీ2 ఎంజైము, క్యాప్ ఊడిన పోగును 5′ కొస నుంచి తినుకుంటూ పోయే ఎక్స్‌ఆర్‌ఎన్1 ఎంజైము గుమిగూడే పీ-బాడీలు (ప్రోటీన్, ఆర్‌ఎన్‌ఏ ముద్దలు) అప్పుడు సూక్ష్మదర్శిని కింద పెద్ద చుక్కలై కనిపిస్తాయి. ఎంఆర్‌ఎన్‌ఏ విచ్ఛిత్తి జరిగేది ఆ చుక్కల్లోనేనని 2003లో శాస్త్రవేత్తలు శేఠ్, పార్కర్ ప్రకటించారు. కనుక ఒత్తిడి వల్ల విచ్ఛిత్తి పెరుగుతుందని ఎమ్మెస్సీ తరగతిలో చెబుతూ వస్తున్నాను. నిన్న ఒక విద్యార్థి అది తప్పని వాదించాడు. మీరేమంటారు?

పాతకాపు:
విద్యార్థి మాటే సరైనది. చుక్కలు పెరిగినంత మాత్రాన విచ్ఛిత్తి పెరిగినట్టు కాదు. గ్లూకోజు తిరిగి అందించగానే పీ-బాడీల్లోని ఎంఆర్‌ఎన్‌ఏలు మళ్ళీ రైబోజోముల (ప్రోటీన్లు తయారుచేసే యంత్రాల) మీదికి చేరుతాయని 2005లో పార్కర్ బృందమే చూపింది. గ్లూకోజు కొరతలోనూ, ఉప్పు ఎక్కువైనప్పుడూ, వేడి తగిలినప్పుడూ పాలీ-ఏ తోక (ఎంఆర్‌ఎన్‌ఏ రెండో కొసనున్న ఏ అక్షరాల వరుస) కురచ కావడమే, అంటే విచ్ఛిత్తిలో తొలి మెట్టే, మందగించి, పలు ఎంఆర్‌ఎన్‌ఏలు ఎక్కువసేపు నిలుస్తాయని ఆ మరుసటి ఏడాదే అదే బృందం తెలిపింది. పీ-బాడీలను కూర్చే ప్రోటీన్లలో ఈడీసీ3ని తీసేసి, ఎల్‌ఎస్‌ఎమ్4 చివరి భాగాన్ని కత్తిరిస్తే కంటికి కనిపించే పీ-బాడీలు ఏర్పడవు. అయినా ఆ కణాల్లో విచ్ఛిత్తి ఇంచుమించు మామూలుగానే సాగుతుంది.

వేపపుల్ల:
చెత్తకుండీ అనుకున్నది అటక అన్నమాట.

కిణ్వం:
2003 నాటి ప్రయోగం సంగతి మీరు దాటవేశారు. ఎంఆర్‌ఎన్‌ఏ మధ్యలో వరుసగా జీ అక్షరాలను చొప్పించి ఎక్స్‌ఆర్‌ఎన్1ను అడ్డగిస్తే, సగం తినబడిన ముక్కలు పీ-బాడీల్లోనే తేలాయి. విచ్ఛిత్తి అక్కడ జరగకపోతే ఆ ముక్కలు అక్కడికి ఎలా వచ్చాయి?

పాతకాపు:
విచ్ఛిత్తి అక్కడ జరగదని నేనెక్కడా అనలేదు. చుక్కల పరిమాణాన్ని బట్టి దాని వేగాన్ని చెప్పలేమన్నాను. అసలు ఎక్స్‌ఆర్‌ఎన్1 లేని కణాల్లోనూ పీ-బాడీలు పెద్దవవుతాయి. అంటే పని ముందుకు సాగకపోయినా అవి ఉబ్బుతాయి. మీరు చూపిస్తున్న సాక్ష్యం మీ వాదానికే ఎదురు తిరుగుతోంది.

నీలిసిరా:
ఇద్దరూ కొలత గురించి మాట్లాడడం లేదు. విచ్ఛిత్తిని కొలవాలంటే ముందు కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపాలి. దానికోసం ఏళ్ళ తరబడి వాడిన ఆర్‌పీబీ1-1 ఉత్పరివర్తకాన్ని (వేడికి ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగిపోయే ఈస్ట్ రకాన్ని) 37 డిగ్రీలకు మార్చాలి. ఆ మార్పే ఈస్ట్‌కు ఒక ఒత్తిడి. దానికి బదులు, తయారీని ఆపే థయోల్యూటిన్ కలిపితే ఆ మందే విచ్ఛిత్తిని నెమ్మదింపజేస్తుంది. ఆర్‌పీబీ1-1తో 2002లో వచ్చిన సగటు అర్ధాయువు (ఎంఆర్‌ఎన్‌ఏ సగానికి తగ్గే సమయం) 20 నిమిషాలకు అటూ ఇటూ ఉంటే, తయారీని ఆపనక్కరలేని 4-థయోయురాసిల్ గుర్తుతో 2018లో కొలిచినప్పుడు అది 5 నిమిషాలకు పడిపోయింది. థయోల్యూటిన్ వాడానన్న ఒక్క కారణంతో ఒక పత్రిక నా వ్యాసాన్ని తిప్పి పంపింది. అదే మందుతో చేసిన పాత వ్యాసాలను మాత్రం సమీక్షకులు నిస్సంకోచంగా ఉదహరిస్తూనే ఉన్నారు.

కిణ్వం:
మీ వ్యాసం తిరిగి వచ్చిన కోపాన్ని నా పాఠం మీద తీర్చుకోవడం న్యాయం కాదు. కొలతలన్నీ పనికిరానివైతే పాతకాపు గారి 2006 ఫలితం మాత్రం ఎలా పనికొస్తుంది?

నీలిసిరా:
అన్నీ పనికిరావని నేననలేదు. చదవకుండా జవాబివ్వడం ఉపాధ్యాయులకు తగదు.

వేపపుల్ల:
కాస్త శాంతించండి.

కిణ్వం:
శాంతంగానే ఉన్నాను. వేడి తగిలినప్పుడు రైబోజోమ్ ప్రోటీన్ల ఎంఆర్‌ఎన్‌ఏలు చకచకా తగ్గిపోతాయి. అన్నింటినీ దాచుకునే కణం వీటిని మాత్రం ఎందుకు వదులుకుంటుంది? ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఎంచుకునే ఏర్పాటు కణానికి ఉందన్నదే నా ఉద్దేశం.

పాతకాపు:
ఈ మాట మొదటే అనవలసింది. మన తగాదా పీ-బాడీల గురించి కానే కాదు. మీరు ఏర్పాటు అంటున్నదాన్ని నేను పర్యవసానం అంటాను. రైబోజోములు వదిలేసిన పోగుకు ఏ ప్రోటీన్లు అంటుకుంటే దాని గతి అలా ఉంటుంది. అందులో ఎంపిక ఎక్కడుంది? పైగా కొత్తవాటి తయారీ ఆగిపోయినా ఆ ఎంఆర్‌ఎన్‌ఏల మోతాదు తగ్గుతుంది. తగ్గుదల చూసి విచ్ఛిత్తి వేగం పెరిగిందని తేల్చలేం.

కిణ్వం:
మీరు తెచ్చిన 2006 వ్యాసం శీర్షికలోనే, తోక కురచ కావడం ఆగేది అనువాదంతో (ప్రోటీన్ తయారీతో) నిమిత్తం లేకుండా అని ఉంది. అంటే అది కేవలం రైబోజోములు వదిలేసినందువల్ల జరిగినది కాదు. 2008లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు చూసిన దాన్ని కూడా గమనించండి. ఆక్సీకరణ ఒత్తిడిలో తయారీ పెరిగిన ఎంఆర్‌ఎన్‌ఏలే త్వరగా విచ్ఛిన్నమయ్యాయి, తగ్గినవి నిలకడగా ఉన్నాయి. డీఎన్‌ఏను దెబ్బతీసే ఎంఎంఎస్ ఇచ్చినప్పుడు ఇది సరిగ్గా తలకిందులైంది. ఒకే కణంలో, ఒత్తిడి రకాన్ని బట్టి దిశ మారిపోతున్నప్పుడు దాన్ని పర్యవసానమని కొట్టిపారేయగలరా?

నీలిసిరా:
ఆ ప్రయోగంలో అనులేఖనాన్ని (కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ తయారీని) దేనితో ఆపారో కూడా విద్యార్థులకు చెప్పండి.

పాతకాపు:
దిశ మారిందని ఒప్పుకుంటాను. ఎంపిక ఉందని మాత్రం ఒప్పుకోను. ఆక్సీకరణలో వేగంగా తయారై వేగంగా పోయేవి త్వరగా ఎగసి త్వరగా తగ్గాయి, ఎంఎంఎస్‌లో నెమ్మదిగా పెరిగి నిలిచాయి. ఈ తేడాను తెచ్చే ప్రోటీన్ ఏదో చూపి, దాన్ని తీసేస్తే తేడా పోతుందని చూపిన రోజున ఏర్పాటు అన్న మాటను నేనూ వాడతాను. అంతవరకు మీ తరగతిలో “ఒత్తిడి విచ్ఛిత్తిని పెంచుతుంది” అన్న వాక్యాన్ని ఏ ఒత్తిడి, ఏ ఎంఆర్‌ఎన్‌ఏ, ఎన్నో నిమిషం అని చెప్పకుండా వాడకండి.