పొట్టు తీయని ధాన్యాలతో మోషన్ ఫ్రీ అయ్యేది మంచి బ్యాక్టీరియా వల్లనా, ఉత్త పీచు వల్లనా?

తెల్లబ్రెడ్ మానేసినోడు:
తెల్ల బ్రెడ్ మానేసి పొట్టు తీయని గోధుమ, ఓట్స్, బార్లీకి మారాక మోషన్ ఇబ్బంది పోయింది. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరగడం వల్లే ఇదంతా అని నా నమ్మకం. పీచు దానికి తిండి, అది పెరిగితే అరుగుదల దానంతట అదే సర్దుకుంటుంది. ఎవరైనా కాదంటారా?

నస మాస్టర్:
నేనంటాను. మోషన్ ఫ్రీ అయింది, సంతోషం. క్రెడిట్ మాత్రం బ్యాక్టీరియాకి కట్టబెట్టకండి. గోధుమ పొట్టులో చాలా భాగం బ్యాక్టీరియాకి కొరుకుడుపడని పీచు, దాదాపు అలాగే పెద్దపేగు దాటేస్తుంది. ముక్కలు గరుగ్గా ఉంటే పేగు గోడకి రాసుకుంటూ నీరు, జిగురు ఊరేలా చేస్తాయి, మలం బరువెక్కి త్వరగా కదులుతుంది. అదే పొట్టును మెత్తగా పిండి పట్టిస్తే ఆ పని సరిగా జరగదు, మలం ఇంకా గట్టిపడొచ్చు కూడా. బ్యాక్టీరియానే కారణమైతే మెత్తటిది దానికి ఇంకా సులువు కదా, మరి ఫలితం తగ్గుతుందేం? ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచుని బ్యాక్టీరియా శుభ్రంగా తినేస్తుంది, కొలెస్ట్రాల్‌కి మంచిదే గానీ దానితో మలం పెద్దగా పెరగదు.

పుస్తకాల పురుగు:
ఇద్దరూ చెరోపక్కకి లాగుతున్నారు. అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు 81 మందికి ఆరు వారాలు తిండి తామే ఇచ్చి 2017లో ఫలితాలు ప్రచురించారు. పొట్టు తీయని ధాన్యాలు తిన్నవాళ్లకు మలం బరువూ, వెళ్లే సార్లూ పెరిగాయి, లాక్నోస్పైరా అనే బ్యాక్టీరియా కూడా పెరిగింది. కాస్తంతే. డెన్మార్క్‌లో 60 మందికి పొట్టు తీయని ధాన్యాలు ఎనిమిది వారాలు, పొట్టు తీసినవి ఎనిమిది వారాలు పెట్టి చూస్తే బ్యాక్టీరియా కూర్పులో చెప్పుకోదగ్గ మార్పే లేదు, అయినా పొట్టు తీయనివి తిన్నప్పుడు ఒంటి బరువు, రక్తంలో వాపు సూచికలు తగ్గాయి. కాబట్టి "మంచి బ్యాక్టీరియా పెరిగింది, అందుకే" అన్నది గట్టి వాదన కాదు. అలాగని నస మాస్టర్ గారిదీ పూర్తిగా ఒప్పుకోను, ఎందుకంటే ఏ రకం ఎంత ఉందో లెక్కపెట్టడం వేరు, అవి ఏం చేస్తున్నాయో చూడటం వేరు. పీచు దొరికితే ఉన్న బ్యాక్టీరియానే బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారు చేస్తుంది, పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన ఇంధనం అదే. పైగా పేగు కదలిక వేగం మారితే బ్యాక్టీరియా కూడా మారుతుంది, ఏది ముందో ఒక్క శాంపిల్ చూసి ఎవరూ చెప్పలేరు (టెస్ట్ కిట్లు అమ్మేవాళ్లు తప్ప).

ఉబ్బరం బాధితురాలు:
మరి నాలాంటి వాళ్ల సంగతి? ఐబీఎస్ (కడుపునొప్పి, ఉబ్బరం, మోషన్ తేడాలు తెచ్చే పేగు సమస్య) ఉంది. మంచిదన్నారని గోధుమ పొట్టు మొదలుపెడితే కడుపు ఉబ్బి ఆఫీసులో కూర్చోలేకపోయా. చెబితే "అలవాటవుతుందిలే" అంటారు.

నస మాస్టర్:
అవ్వకపోవచ్చండి. 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఐబీఎస్ ఉన్న 100 మందిని అడిగితే 55 శాతం మందికి పొట్టుతో బాధ పెరిగింది, మేలు జరిగింది 10 శాతానికే. నెదర్లాండ్స్‌లో జరిగి 2009లో వచ్చిన ట్రయల్‌లో ఇసబ్గోల్ పనిచేసింది, పొట్టు పనిచేయలేదు. గోధుమ, రై (గోధుమ లాంటి ధాన్యం), బార్లీల్లో ఫ్రక్టాన్లు అనే ఒక రకం పిండిపదార్థాలు ఉంటాయి, అవి చిన్నపేగులో అరగవు, వాటిని బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు వచ్చే గ్యాస్ మీలాంటి వాళ్లకి నరకం. ఓట్స్ ప్రయత్నించండి, కొంచెం కొంచెంగా.

తెల్లబ్రెడ్ మానేసినోడు:
నాకు పని జరిగింది. కారణం ఏదైతే ఏంటి?

పుస్తకాల పురుగు:
తేడా ఉంది బ్రో. బ్యాక్టీరియా అనుకుని ఓట్స్ ఒక్కటే పెంచుకుంటూ పోయేవాడికి మోషన్ రాకపోతే "నాకు పీచు పడదు" అని మొత్తం వదిలేస్తాడు. వాడికి కావాల్సింది గరుకు గోధుమ పొట్టో, రై బ్రెడ్డో కావచ్చు. నువ్వు మూడూ కలిపి తింటున్నావు కాబట్టి ఏది పనిచేసిందో నీకూ తెలీదు, మాకూ తెలీదు. ఒక్కోటి ఆపి చూసి రాయి, అప్పుడు మాట్లాడదాం.