అప్‌డేట్: ఆర్గ్‌పార్స్‌లో ఫాల్స్ ఇచ్చినా ట్రూ అవుతున్న సమస్య తీరింది

పోయిన వారం ఆర్గ్‌పార్స్ (స్క్రిప్ట్ నడిపేటప్పుడు కమాండ్ లైన్‌లో ఇచ్చే ఆప్షన్లను చదివే పైథాన్ మాడ్యూల్) గురించి ఇక్కడ అడిగింది నేనే. విడవలూరు దగ్గర మా మామయ్య వాళ్ల రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గితే ఫోన్‌కి మెసేజ్ పంపే పైథాన్ స్క్రిప్ట్ రాశాను. 'టెస్ట్' ఆప్షన్‌కి ఫాల్స్ అని ఇచ్చినా టెస్ట్ మోడ్‌లోనే ఉండిపోయి, ఒక్క మెసేజ్ కూడా వెళ్లలేదు.

తప్పు దొరికింది. ఆ ఆప్షన్‌కి టైప్ బూల్ (ఇచ్చినదాన్ని ట్రూ లేదా ఫాల్స్‌గా మార్చేది) అని రాశాను. కమాండ్ లైన్‌లో మనం ఏది కొట్టినా ఆర్గ్‌పార్స్‌కి స్ట్రింగ్‌గానే, అంటే ఉత్త అక్షరాలుగానే అందుతుంది. దాన్ని అలాగే బూల్‌కి ఇస్తుంది. ఖాళీగా లేని స్ట్రింగ్ ఏదైనా పైథాన్ లెక్కలో ట్రూనే, అందులో ఉన్న మాట 'ఫాల్స్' అయినా సరే! ఎర్రర్ కూడా రాదు. నన్ను భయపెట్టింది అదే. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళ కబురు అందకపోతే పంట మొత్తం పోవచ్చు.

మీరు చెప్పినట్టే టైప్ తీసేసి, యాక్షన్‌గా 'స్టోర్ ట్రూ' పెట్టాను. ఇప్పుడు ఆప్షన్ రాస్తే ట్రూ, రాయకపోతే ఫాల్స్. ఇంకో అన్న చెప్పిన 'బూలియన్ ఆప్షనల్ యాక్షన్' ఇంకా బాగుంది, ఫాల్స్ కోసం ఆప్షన్ పేరుకి ముందు 'నో' ఉన్న రూపాన్ని కూడా అదే ఇస్తుంది. కానీ అది పైథాన్ 3.9 నుంచే ఉంది, మామయ్య కంప్యూటర్‌లో 3.8 ఉంది.

ఇంకో సమస్య, కమాండ్ లైన్‌లో గుంట పేరు 'పెద్ద గుంట' అని ఇస్తే మధ్యలో ఖాళీ వల్ల రెండు ముక్కలైపోవడం, అది కూడా పేరుని కోట్స్‌లో పెట్టగానే సరిపోయింది. నిన్న తెల్లవారుజామున మొదటి మెసేజ్ వచ్చింది, మామయ్య వెంటనే వెళ్లి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేశారు. ఓపికగా చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.